దెబ్బ ఏ రింగు మీద పడాలి? చక్రాల టేపర్ బేరింగులకు సొంత పనిముట్లు

చెరకు, ధాన్యం, ఇటుక, కంకర మోసే ట్రాక్టర్ ట్రాలీ హబ్బులో కొత్త బేరింగు వేయించిన కొన్నాళ్ళకే చక్రం మళ్ళీ మోత పెట్టడం మొదలైతే, యజమాని సాధారణంగా బేరింగు చేసిన కంపెనీని గాని, అమ్మిన దుకాణాన్ని గాని, గతుకుల రోడ్డును గాని నిందిస్తాడు. బజారులో నకిలీ సరుకు ఉన్న మాట, రోడ్లు బాగా లేని మాట నిజమే అయినా, బేరింగు ఆయుష్షులో చాలా భాగం దానిని హబ్బులోకి దించే ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుందన్న సంగతి ఎంతమంది దృష్టికి వస్తున్నది? ఉలి అంచు జారి నున్నని ఉపరితలం మీద పడిన ఒక్క గీత, అడుగుకు ఆనకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయిన ఒక్క రింగు, ఒక్క గాడి ఎక్కువగా వెనక్కి తిప్పిన నట్టు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కొత్త బేరింగు పాత బేరింగు దారి పడుతుంది. ఈ మూడు దోషాలనూ నివారించే పనిముట్లు ఖరీదైన దిగుమతి సరుకు కావు. మండల కేంద్రంలోని ఏ లేత్ షాపులోనైనా, తుక్కు ఇనుముతోనే చేయించుకోదగినవి.

పనిముట్టు చేయడానికి ముందు పని దేని మీద జరుగుతున్నదో తెలియాలి. టేపర్ బేరింగు రెండు విడి భాగాలుగా వస్తుంది. లోపల ఏటవాలు గోడ ఉన్న బయటి రింగును కప్ అంటారు. కొన్ని గ్యారేజీలలో దీనినే రేసు అని పిలుస్తారు. లోపలి రింగు, దాని చుట్టూ ఒక చివర లావుగా, మరొక చివర సన్నగా ఉండే రోలర్లు, ఆ రోలర్లను సమాన దూరంలో పట్టి ఉంచే రేకు చట్రమైన కేజ్, ఈ మూడూ కలిసిన ముక్కను కోన్ అంటారు. రోలర్లు ఏటవాలుగా ఉండటం వల్ల పై నుంచి పడే బరువును, మలుపు తిరిగేటప్పుడు పక్కనుంచి తోసే బలాన్ని ఇదొక్కటే ఏకకాలంలో మోయగలుగుతుంది. గుర్రపు బండ్లు తయారు చేసే హెన్రీ టిమ్‌కెన్ అమెరికాలో 1898లో దీనికి పేటెంటు పొందడం వెనుక ఉన్న అవసరం కూడా అదే: బరువైన బండి మలుపు తిరిగినప్పుడు చక్రపు ఇరుసు మీద పడే పక్క ఒత్తిడి. నేటి ట్రాలీ చక్రానికీ అదే అవసరం కనుకనే ఒక్కో హబ్బులో ఎదురెదురుగా రెండు టేపర్ బేరింగులు, సాధారణంగా ఛాసిస్ వైపు పెద్దది, నట్టు వైపు చిన్నది, కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోన్ చేత్తోనే ఇరుసు మీదికి జారిపోతుండగా, కప్‌ను మాత్రం కొట్టి దించవలసిన అవసరం ఎందుకు వస్తుంది? ఇరుసు కదలదు, హబ్బు తిరుగుతుంది. కాబట్టి బరువు కోన్ మీద ఎప్పుడూ ఒకే చోట పడుతుంది గాని, కప్ మీద దాని చుట్టుకొలత అంతటా తిరుగుతూ పడుతుంది. అలా తిరిగే బరువు కింద ఉన్న రింగు వదులుగా ఉంటే హబ్బు లోపల మెల్లగా పాకుతూ గోడను అరగదీస్తుంది. అందుకే హబ్బు రంధ్రాన్ని కప్ వ్యాసం కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు తక్కువగా కోస్తారు. కప్ ఆ బిగుతులోకి బలవంతంగా దిగి, లోపలి మెట్టుకు ఆని నిలబడుతుంది. ఈ మెట్టునే లేత్ పనివారు షోల్డర్ అంటారు.

దీని నుంచి ఈ అధ్యాయానికంతటికీ ఆధారమైన ఒక్క నియమం పుడుతుంది: ఏ రింగు బిగుతుగా దిగుతున్నదో ఆ రింగు అంచు మీదే బలం పడాలి, రోలర్ల గుండా గాని, కేజ్ గుండా గాని, నున్నని ఏటవాలు గోడ గుండా గాని అది ఎన్నడూ ప్రయాణించరాదు. కోన్‌ను కప్‌లో పెట్టి పైనుంచి కొట్టి రెండూ ఒకేసారి దించేవారు కనిపిస్తారు. కప్ దిగుతుంది, సందేహం లేదు. కానీ ప్రతి దెబ్బకూ ఒక్కొక్క రోలరు కప్ గోడ మీద కంటికి సరిగా కనిపించని నొక్కు వేసి ఉంటుంది, ఆ నొక్కుల మీదుగా లక్షల సార్లు దొర్లే రోలర్లు కొంతకాలానికి మోత పెడతాయి, ఆ తరువాత పొరలు లేస్తాయి. మంచి పనిముట్టు అంటే బలాన్ని పెంచేది కాదు, బలం వెళ్ళే దారిని నిర్ణయించేది. ఈ దృష్టితో చూడగలిగిన పనివాడికి ఏ పనిముట్టు అవసరమో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏయే పనిముట్లు చేయించుకోవాలి?

1. పాత కప్. అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా చెత్తలోకి పోయేది ఇదే. కొత్త కప్ ఎంత వ్యాసమో పాతదీ అంతే కాబట్టి, దానిని కొత్తదాని నెత్తిన పెట్టి కొడితే దెబ్బ సరిగ్గా అంచు మీదే పడుతుంది. అయితే ఉన్నదున్నట్టుగా వాడితే అది కూడా హబ్బులో బిగుసుకుపోయి, దానిని తీయడమే మరో పెద్ద పని అవుతుంది. బయటి వ్యాసాన్ని గ్రైండరు రాయికి పట్టి చుట్టూ పావు మిల్లీమీటరు మేర తీసివేసి, కటింగ్ బిళ్ళతో ఒకచోట నిలువునా చీలిక పెట్టినట్లయితే అది హబ్బులోకి స్వేచ్ఛగా దిగి, అంతే స్వేచ్ఛగా బయటికి వస్తుంది. వాడేటప్పుడు దానిని తిరగేసి, పలుచని అంచుకు పలుచని అంచు ఆనేలా పెట్టాలి. అప్పుడు దళసరి ముఖం పైకి వచ్చి దెబ్బను మోస్తుంది. బేరింగు ఉక్కు చాలా గట్టిది, కాబట్టి పగిలే స్వభావం కూడా కలది. దాని మీద సుత్తి నేరుగా పడితే చిప్ప లేచి కంటిలోకి ఎగరవచ్చు. మధ్యలో ఒక మెత్తని ఇనుప పలక పెట్టుకోవడం, కళ్ళద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి.

2. లేత్ మీద కోయించిన బిళ్ళ. పాత కప్‌తో పని జరుగుతుంది గాని, ఏడాదికి పలుమార్లు హబ్బులు విప్పవలసినవారికి, అంటే రెండు మూడు ట్రాలీలున్న రైతుకు గాని, చిన్న గ్యారేజీకి గాని, ఇదే సరైన పెట్టుబడి. దీని కొలతలు బేరింగు నంబరు నుంచే వస్తాయి. మెట్రిక్ బేరింగులో చివరి రెండు అంకెలను 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 30207 అయితే 35, 32210 అయితే 50. అంగుళాల కొలతలో వచ్చే నంబర్లకు ఈ సూత్రం వర్తించదు, వాటిని కొలిచే తెలుసుకోవాలి.

ఉదాహరణకు 30207ను తీసుకుంటే, దాని కప్ బయటి వ్యాసం 72 మి.మీ., కప్ ఎత్తు 15 మి.మీ. దానికి 20 మి.మీ. దళసరి మెత్తని ఇనుప బిళ్ళను 71.5 మి.మీ. వ్యాసానికి కోయించాలి. ఆ అర మిల్లీమీటరు తేడా ఎందుకంటే, బిళ్ళ హబ్బు రంధ్రంలోకి కప్ వెంటే దిగిపోవాలి, కానీ గోడను గీరరాదు. అంతకంటే ఎక్కువ వదిలితే బిళ్ళ పక్కకు జరిగి దెబ్బ ఒకవైపే పడుతుంది. బిళ్ళ అడుగున 62 మి.మీ. వ్యాసంతో, 5 మి.మీ. ఎత్తుతో ఒక చిన్న మెట్టు వదిలిపెట్టాలి. కప్ వెడల్పు నోటి దగ్గర లోపలి వ్యాసం సుమారు 66 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ మెట్టు నోట్లోకి దిగి, గోడలను తాకకుండానే బిళ్ళను జారిపోకుండా ఆపుతుంది. మెట్టు చుట్టూ మిగిలిన చదునైన వలయమే కప్ అంచును నొక్కుతుంది. ఇతర నంబర్లకు ఈ లెక్కను గుడ్డిగా అన్వయించక, పాత కప్‌ను లేత్ పనివాడి చేతిలో పెట్టి వెర్నియర్‌తో కొలిపించడం క్షేమం. బిళ్ళను కాల్చి, ముంచి గట్టిపరచనక్కరలేదు. కప్ కంటే మెత్తగా ఉండటమే దాని సుగుణం. అల్యూమినియం తుక్కు దొరికితే అది ఇంకా మంచిది, అయితే త్వరగా అంచులు వంగుతాయి.

బిళ్ళ మధ్యలో 21 మి.మీ. రంధ్రం వేయించి, ఎం20 మరల కడ్డీని రెండు నట్లతో బిగిస్తే అదే పిడి అవుతుంది. పిడిని వెల్డింగ్ చేసి శాశ్వతంగా అతికించకపోవడానికి కారణం మూడో పనిముట్టులో తెలుస్తుంది.

3. స్టడ్ లాగుడు. సుత్తి అవసరమే లేకుండా కప్‌లను లోపలికి లాగే ఏర్పాటు ఇది. ఈ అధ్యాయంలో ఒక్క పనిముట్టే చేయించుకోగలిగినవారు దీనినే చేయించుకోవాలి. సుమారు అడుగున్నర పొడవు ఎం20 మరల కడ్డీ, లోపలి కప్‌కు ఒకటి, బయటి కప్‌కు ఒకటి చొప్పున పైన చెప్పిన బిళ్ళలు రెండు, రెండు నట్లు, రెండు దళసరి వాషర్లు ఉంటే చాలు. హబ్బుకు రెండు వైపులా కప్‌లను నోటిలో నిలిపి, వాటి మీద బిళ్ళలను పెట్టి, మధ్యగా కడ్డీని పోనిచ్చి, ఒక నట్టును స్పానర్‌తో పట్టుకుని రెండో దానిని తిప్పితే రెండు కప్‌లూ ఒకదానివైపు ఒకటి లాగబడుతూ నిశ్శబ్దంగా దిగుతాయి. ఎం20 మర ఒక చుట్టుకు 2.5 మి.మీ. ముందుకు పోతుంది, అంటే 15 మి.మీ. ఎత్తున్న కప్ తన ఎత్తంతా దిగడానికి ఆరు చుట్లు చాలు. ఇంత నెమ్మదిగా, ఇంత నిటారుగా సుత్తి ఎన్నడైనా దించగలదా?

మరలకు, వాషరు ముఖానికి గ్రీజు పూయడం మరచిపోకూడదు. లేకుంటే చేతి బలంలో ఎక్కువ భాగం రాపిడికే ఖర్చవుతుంది, మరలు కూడా అరిగిపోతాయి. రెండు కప్‌లలో వదులుగా ఉన్నది ముందు దిగి కూర్చుంటుంది, బిగుతుగా ఉన్నది తరువాత కదులుతుంది. ఇది లోపం కాదు. మధ్యలో ఒక కప్ వాలినట్లు కనబడితే మాత్రం ఇంకా బిగిస్తూ పోరాదు. నట్టు వదులు చేసి, పైకి లేచిన వైపు ఇత్తడి కడ్డీతో తట్టి సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. వాలిన కప్‌ను బలంతో లాగితే అది హబ్బు గోడను చెక్కుకుంటూ పోతుంది, చెక్కిన గోడను మళ్ళీ పూడ్చే ఉపాయం చేతి పనిలో లేదు.

4. ఇత్తడి కడ్డీ. బలాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి అందించే ఇలాంటి కడ్డీని డ్రిఫ్ట్ అంటారు. చిటికెన వేలి కంటే కొంచెం లావుగా, జానెడు పొడవుగా ఉంటే సరిపోతుంది. పాత కప్‌ను వెనుకవైపు నుంచి తట్టి తీయడానికి, వాలిన కప్‌ను సరిచేయడానికి ఇది ఉపయోగపడుతుంది. దీని చివర పూవులా విచ్చుకున్నప్పుడల్లా గ్రైండరు పట్టి శుభ్రం చేయాలి, లేకపోతే రాలిన ఇత్తడి రజను గ్రీజులో కలిసి బేరింగును తినేస్తుంది.

5. పైపు ముక్క. ఇరుసు మీద కోన్ చేత్తో జారకపోతే ముందు ఇరుసును పరీక్షించాలి. తుప్పు గాని, పాత దెబ్బల గరుకు గాని ఉంటే సన్నని ఎమరీ కాగితంతో తీసివేయాలి. అప్పటికీ కొద్దిగా బిగుతు మిగిలితే, కోన్ లోపలి రింగు ముఖం మీద మాత్రమే ఆనే పైపు ముక్కను, రెండు చివరలూ లేత్ మీద సమంగా కోయించి, వాడాలి. పైపు గోడ దళసరి ఎక్కువై కేజ్‌ను తాకితే ఆ పైపు పనికిరాదు.

6. సీలు బల్ల. ఆయిల్ సీలు వ్యాసం కంటే కొంచెం పెద్దదైన టేకు ముక్క ఒకటి, రెండు ముఖాలూ చదునుగా చిత్రిక పట్టినది, చాలు. సీలు హబ్బు ముఖంతో సమంగా ఆగిపోవడమే దీని లాభం. సీలును సుత్తితో చుట్టూ తట్టి దించేవారు దాని రేకును వంచుతారు, ఆ వంపులోనుంచి వరి మడిలోని బురద నీరు లోపలికి వెళ్తుంది.

7. నట్టుకు స్పానర్, దానికి కాటా. దీని గురించి బిగింపు సంగతి వచ్చినప్పుడు వివరంగా.

దించే పని, మెట్టు మెట్టుగా

ట్రాలీని జాకీతో లేపిన తరువాత ఛాసిస్ కింద దళసరి కొయ్య దిమ్మలు పేర్చకుండా ఏ పనీ మొదలుపెట్టరాదు. నూనె జాకీ ఏ క్షణమైనా దిగవచ్చు. హబ్బును విప్పి, కిరోసిన్‌తో గాని డీజిలుతో గాని కడిగి ఆరబెట్టిన తరువాత ఈ వరుస పాటించడం మేలు.

1. పాత కప్ తీయడం. చాలా హబ్బులలో షోల్డరు దగ్గర ఎదురెదురుగా రెండు గాళ్ళు ఉంటాయి. అక్కడ కప్ వెనుక అంచు కనబడుతుంది. ఒక గాడిలో ఒక దెబ్బ, ఎదుటి గాడిలో ఒక దెబ్బ చొప్పున మార్చి మార్చి కొడితే కప్ వాలకుండా బయటికి వస్తుంది. గాళ్ళు లేని హబ్బులో ఏం చేయాలి? కప్ లోపలి గోడ మీద చుట్టూ ఒక వెల్డింగ్ గీత వేయించి చల్లారనిస్తే, వెల్డింగ్ లోహం ముడుచుకుంటూ కప్‌ను కూడా తనతో ముడుస్తుంది, అది దాదాపు చేత్తోనే ఊడి వస్తుంది. హబ్బులో గ్రీజు మిగలకుండా కడగాలి, లేకుంటే అంటుకుంటుంది. హబ్బును బండి నుంచి పూర్తిగా విడదీసి, ఎర్త్ క్లాంపును హబ్బుకే తగిలించాలి, ఎందుకంటే కరెంటు మరో బేరింగు గుండా పోతే దాని రోలర్ల మీద మచ్చలు పడతాయి.

2. రంధ్రాన్ని పరీక్షించడం. గోడ మెరుస్తూ, వేలికి జారుడుగా తగిలి, పాత కప్ చేత్తోనే తిరుగుతూ బయటికి వచ్చి ఉంటే ఆ హబ్బు అరిగినట్లే. గోడ చుట్టూ సెంటర్ పంచ్‌తో చుక్కలు పొడిచి, లేచిన బుడిపెల మీద కొత్త కప్‌ను బిగించే అలవాటు మన గ్యారేజీలలో బలంగా ఉంది. ఆ బుడిపెలు నాలుగు లోడ్లకే అణగిపోతాయి, ఆ మధ్యకాలంలో కప్ గుండ్రంగా కాక చుక్కల మధ్య వంగి నిలబడుతుంది. హబ్బుకు లేత్ మీద బుష్ వేయించడమో, హబ్బునే మార్చడమో తప్ప దీనికి గౌరవప్రదమైన మూడో మార్గం లేదు.

3. చల్లదనాన్ని, వేడిని పనిలో పెట్టడం. ఉక్కు డిగ్రీ సెంటీగ్రేడుకు మీటరుకు సుమారు 12 మైక్రాన్లు, అంటే మి.మీ.లో వెయ్యో వంతులు పన్నెండు, వ్యాకోచిస్తుంది. 72 మి.మీ. కప్‌ను ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి 50 డిగ్రీలు తగ్గించగలిగితే దాని వ్యాసం 0.04 మి.మీ. పైగా తగ్గుతుంది; బిగుతులో సింహభాగం అంతటితోనే మాయమవుతుంది. కోత కాలం ముగిసిన మే నెలలో ఈ పని పెట్టుకుంటే, హబ్బును మధ్యాహ్నపు ఎండలో వదిలినా అది ఇంకొంత విచ్చుకుని సాయపడుతుంది. హబ్బును గ్యాస్ మంటతో ఒకేచోట కాల్చడం మాత్రం తగదు. కప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. తీయగానే గాలిలోని తేమ దాని మీద నీటి బిందువులుగా చేరుతుంది కాబట్టి, ముఖ్యంగా కోస్తా జిల్లాలలో, దించిన వెంటనే తుడిచి గ్రీజు పూయాలి. కొందరు కోన్‌ను కూడా మంటతో వేడి చేస్తారు. బేరింగు ఉక్కు 120 డిగ్రీలు దాటి వేడెక్కితే తన గట్టిదనాన్ని కోల్పోయే ప్రమాదం మొదలవుతుంది, మంటకు ఆ హద్దు తెలియదు.

4. దిశ చూసుకోవడం. చక్రపు హబ్బులో కప్ వెడల్పు నోరు బయటికి, దళసరి ముఖం షోల్డరు వైపుకి ఉండాలి. తొందరలో తిరగేసి దించిన కప్‌ను మళ్ళీ తీయడం ఎంత శ్రమో ఒకసారి చేసినవారికే తెలుసు కాబట్టి, దించే ముందు కోన్‌ను అందులో పెట్టి చూడటం మంచి అలవాటు.

5. దించడం. స్టడ్ లాగుడుతో అయితే నెమ్మదిగా తిప్పుతూ, సుత్తితో అయితే హబ్బును చదునైన కొయ్య దిమ్మ మీద నిలిపి, మొదటి దెబ్బలు తేలికగా వేసి కప్ నిటారుగా పట్టుకున్నదని చూసుకున్న తరువాతే బలం పెంచాలి.

6. కూర్చున్నదా లేదా అని తేల్చుకోవడం. చెవి మొదటి సాక్షి: కప్ దిగుతున్నంతసేపూ శబ్దం మొద్దుగా ఉండి, షోల్డరుకు ఆనగానే గట్టిగా, ఖంగుమని మారుతుంది, దెబ్బకు సుత్తి ఎగురుతుంది. స్టడ్ వాడేవారికి ఆ సంగతి చేతికి తెలుస్తుంది, స్పానర్ ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. కానీ సాక్ష్యం ఒక్కటి చాలదు. సందులు కొలిచే పలుచని రేకుల కట్టను ఫీలర్ గేజ్ అంటారు, అందులోని 0.05 మి.మీ. రేకును గాడిలోనుంచి కప్‌కు, షోల్డరుకు మధ్య దూర్చి చూస్తే ఎక్కడా దూరరాదు. ఒకవైపు దూరిందంటే అక్కడ ఇనుప రజను గాని, పాత వెల్డింగ్ బుడిపె గాని అడ్డుపడి ఉంటుంది. ఇలా కూర్చోని కప్‌తోనే చక్రం బిగించి బండిని పంపినట్లయితే ఏమవుతుంది? మొదటి లోడుకే కప్ ఆ మిగిలిన దూరం దిగిపోతుంది, బిగింపు అంతా వదులవుతుంది, చక్రం ఊగుతుంది; యజమానికి మాత్రం నట్టు సరిగా బిగించలేదన్న అనుమానమే మిగులుతుంది.

గ్రీజు

కోన్‌లోకి గ్రీజు రోలర్ల మధ్యకు చేరాలి, పైన పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోన్ లావైన వైపును దానికి అదిమి అదిమి తిప్పుతూ పోతే, అవతలి సన్నని వైపు నుంచి గ్రీజు పురుగుల్లా పైకి వస్తుంది. చుట్టూ అలా వచ్చేవరకు ఆపకూడదు. హబ్బు మధ్య ఖాళీని అంచుల దాకా నింపితే గ్రీజు చిలికి వేడెక్కి సీలును దాటి బ్రేకులలోకి వస్తుంది. మూడో వంతు నుంచి సగం దాకా చాలు. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపరాదు.

నట్టు బిగింపు: చాలామంది తడబడే చోటు

కప్ ఎంత చక్కగా దించినా, ఉలి, సుత్తితో నట్టును తిప్పే అలవాటు ఉన్నంతకాలం ఆ శ్రమ వృథాయే. ఉలి దెబ్బతో తిరిగిన నట్టు ఎంత బలంతో బిగిసిందో కొట్టినవాడికి కూడా తెలియదు. నట్టు కొలతకు సరిపోయే పాత సాకెట్‌ను దళసరి పైపుకు వెల్డింగ్ చేయించి, పైపు పై చివర అడ్డంగా కడ్డీ పోయేలా రంధ్రం వేయిస్తే మంచి బాక్స్ స్పానర్ అవుతుంది. ఆ అడ్డ కడ్డీ మీద, నట్టు మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో చిన్న గాటు పెట్టి, దానికి బస్తాలు తూచే స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి, కడ్డీకి లంబంగా లాగితే అదే బలం కొలిచే సాధనం: కాటా 10 కిలోలు చూపినప్పుడు నట్టు మీద పడే మెలి సుమారు 49 న్యూటన్-మీటర్లు, 14 కిలోలు చూపినప్పుడు సుమారు 69. తయారీదారు చెప్పిన అంకెను ఇలా ఇంటి సామానుతోనే చేరుకోవచ్చు.

బిగించే క్రమంలో రెండు దశలు ఉంటాయి. మొదట చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టును చెప్పిన బలానికి బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ స్థానంలో సర్దుకోవు. ఆ తరువాత నట్టును పూర్తిగా వదులు చేసి, చక్రాన్ని కదపకుండా, మళ్ళీ వేళ్ళతో మాత్రమే ఆనేదాకా బిగించి, దగ్గరి గాడిలో స్ప్లిట్ పిన్ దూర్చాలి. తేలికపాటి ట్రెయిలర్ హబ్బులకు సాధారణంగా కోరేది మిగిలే ఆట. హబ్బు ఇరుసు మీద ముందుకు వెనక్కు కదిలే ఆ దూరాన్ని ఎండ్ ప్లే అంటారు, అది సుమారు 0.025 నుంచి 0.125 మి.మీ. వరకు ఉండాలి. బండితో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

ఆరు గాళ్ళున్న కాజిల్ నట్టు, ఇరుసుకు అడ్డంగా ఒకే రంధ్రం, మర ఒక చుట్టుకు 1.5 మి.మీ. అనుకుంటే, ఒక గాడి నుంచి పక్క గాడికి జరిగినప్పుడు నట్టు 0.25 మి.మీ. కదులుతుంది, అంటే కోరిన ఆటకు రెట్టింపు. పిన్ కుదరలేదని ఒక్క గాడి వెనక్కి తిప్పేవారు తెలియకుండానే చక్రాన్ని ఊగనిస్తున్నారు. ఇరుసుకు మొదటి రంధ్రానికి లంబంగా రెండో రంధ్రం కూడా ఉంటే పిన్ ప్రతి 30 డిగ్రీలకూ కుదురుతుంది, తేడా సగమై 0.125కి దిగుతుంది. కొత్త ఇరుసు చేయించేటప్పుడే లేత్ పనివాడిని రెండు రంధ్రాలు అడగడం ఎంత చిన్న ఖర్చు! ఒకే రంధ్రం ఉన్నచోట పలుచని వాషరు మార్చి గాడి కుదిరేలా చూడటం మరో దారి. ఏ పద్ధతిలోనైనా, పిన్ కోసం నట్టును ముందుకు బలంగా బిగించడం మాత్రం కూడదు. వదులు బేరింగు మోత పెట్టి హెచ్చరిస్తుంది, అతిగా బిగిసినది దారిలో వేడెక్కి ఒక్కసారిగా పట్టేస్తుంది. వాడిన స్ప్లిట్ పిన్‌ను సాపు చేసి మళ్ళీ వాడరాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కొత్త కోన్‌ను పాత కప్‌లో పెట్టడం అన్నిటికంటే సాధారణం. కప్ చూడటానికి బాగానే ఉన్నది, పైగా తీయడం కష్టం అన్న ఆలోచన సహజమే. కానీ పాత కప్ గోడ పాత రోలర్ల అరుగుదలకు అనుగుణంగా మారి ఉంటుంది, కొత్త రోలర్ల బరువును అది సమంగా మోయదు. రెండూ జతగానే మారాలి.

కడిగిన బేరింగును కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టడం కుర్రవాళ్ళకు సరదా. గ్రీజు లేని రోలర్లు ఆ వేగంలో గోడను గీరుతాయి, కేజ్ తెగితే రోలర్లు ఎగిరి గాయపరుస్తాయి.

కొత్త బేరింగును ముందుగానే పొట్లం విప్పి బెంచీ మీద పెట్టడం మరొకటి. ఇటుక బట్టీ పక్కన, రైస్ మిల్లు పక్కన ఉన్న గ్యారేజీలలో గాలిలోని ధూళే రుబ్బుడు రాయి పని చేస్తుంది. దించే క్షణం దాకా పొట్లం విప్పకూడదు.

పని పూర్తయ్యాక ఖాళీ బండిని పది కిలోమీటర్లు నడిపి, ఆపి, హబ్బు మీద అరచేయి వెనుకభాగం ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చేయి నిలవనంత వేడిగా ఉంటే బిగింపు ఎక్కువైనట్లు, వెంటనే విప్పి మళ్ళీ సరిచేయాలి. మొదటి లోడు తరువాత చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి ఎండ్ ప్లేను మరొకసారి పరీక్షించాలి.

చెరకు గానుగ సీజను మొదలై, బండి లోడుతో రోడ్డు పక్క నిలిచిపోయిన రోజున పనిముట్టు చేయించడానికి ఎవరికీ తీరిక ఉండదు; ఆ రోజు చేతికి దొరికేది ఉలే. కాబట్టి ఈ పుస్తకం చదువుతున్నవారు పని తక్కువగా ఉన్న రోజుల్లోనే తమ ట్రాలీ హబ్బులోని రెండు బేరింగుల నంబర్లు రాసుకుని, పాత కప్‌లు వెంట తీసుకుని లేత్ షాపుకు వెళ్ళి, రెండు బిళ్ళలు, ఒక స్టడ్ చేయించుకుని, ఏ బిళ్ళ ఏ నంబరుదో దాని మీదే పంచ్‌తో కొట్టించుకోవాలి.